షెడ్డును రెండుగా కోస్తే రెండు షెడ్లు రావు

పల్లెటూళ్లో వడ్రంగి గానీ కమ్మరి గానీ కన్నుమూస్తే పెద్దకర్మ అయిన మర్నాడే పంపకాల మాట మొదలవుతుంది. ఇల్లెవరికి, రోడ్డు పక్క స్థలం ఎవరికి, మెట్ట చేలో ఎవరి వాటా ఎంత అన్నది పెద్దమనుషులు కూర్చుని తేలుస్తారు. ఇన్నేళ్లూ ఆ ఇంటికి అన్నం పెట్టిన పని మాత్రం ఆ లెక్కలోకి రాదు. బాడిశ, ఉలులు, రంపాలు, కొలిమి, దాకలి, కోత మిషను, సగం చేసిన తలుపులు, అన్నిటినీ కలిపి ‘సామాన్లు’ అనేసి చివర్లో తలా ఒకటి పట్టుకుపోతారు. ఉదయగిరి, వింజమూరు వైపు చూసినా కనిగిరి, పామూరు వైపు చూసినా ఇదే వరస. ఇది తప్పని నా వాదన. చేతిపనివాడి ఆస్తిలో అన్నిటికంటే ముందు విలువ కట్టాల్సింది ఆ పనికే, పంచకుండా ఉంచాల్సిందీ దాన్నే. పని చేసేవాళ్ల చేతిలో అది మొత్తంగా ఉండాలి. మిగిలిన వారసులకు దాని విలువలో వాటా పైసలతో సహా డబ్బుగా ముట్టాలి. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి వదిలేసినా రెండోది అన్యాయమైపోతుంది.

కోర్టులో అప్పుకు డిక్రీ వచ్చినా చేతిపనివాడి పనిముట్లను జప్తు చేయడానికి లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఒంటి మీద బట్టలను, వంట పాత్రలను, పరుపును ఎలా మినహాయించిందో పనిముట్లనూ అలాగే మినహాయించింది. అవి పోతే మనిషి బతుకే పోతుందని చట్టానికి తెలుసు. బయటి అప్పులవాడు ముట్టుకోలేని వస్తువును ఇంట్లోవాళ్లమే విడగొట్టుకుంటున్నాం.

ముందు షెడ్డు సంగతి చూద్దాం, ఎక్కువ గొడవలు అక్కడే వస్తాయి కాబట్టి. 20 అడుగుల పొడవు రేకుల షెడ్డు ఉంది, ఇద్దరు కొడుకులు. మధ్యలో గోడ కట్టి చెరి 10 అడుగులు తీసుకుంటే న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ద్వారబంధానికి వేసే నిలువు చెక్క 7 అడుగులు ఉంటుంది. దాన్ని కోత మిషను మీద నిలువునా చీల్చాలంటే చెక్క మొత్తం మిషనుకు ఇవతల నిలవాలి, కోత అయ్యాక మొత్తం అవతలికి రావాలి. ఇటు 7, అటు 7, మధ్యలో మిషను బల్లకు 3, వెరసి 17 అడుగులు. మనిషి నిలబడడానికి ఇంకాస్త. 20 అడుగుల షెడ్డులో ఈ పని సాగుతుంది. 10 అడుగుల గదిలో ఆ చెక్కను పెట్టనే లేరు. అంటే రెండు సగం షెడ్లు రాలేదు, ఉన్న షెడ్డు పోయింది. గోడకు అటువైపు వచ్చినవాడు దాన్ని గోడౌనుగా అద్దెకిస్తాడు, ఇటువైపు వచ్చినవాడు చెక్క కోయించుకోవడానికి టౌనుకు ఆటో మాట్లాడుకుంటాడు. కమ్మరి షెడ్డులోనూ ఇంతే. కొలిమి, దాకలి, నీళ్ల తొట్టి ఒక్క మలుపులో చేతికి అందేలా ఉండాలి. ఎర్రగా కాలిన ఇనుము పట్టకారుతో తీశాక నాలుగడుగులు నడిస్తే చల్లారి సమ్మెట దెబ్బకు లొంగదు. మళ్లీ కొలిమిలో పెట్టాలి, మళ్లీ బొగ్గు ఖర్చు.

పనిముట్లకు ఇంకో తెగులుంది. అవి వాడుతుంటేనే నిలుస్తాయి. తగువు తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదని తాళం వేస్తే అక్టోబరు, నవంబరు వానలకే ఉలులు, రంపాలు తుప్పు పడతాయి. ఎండాకాలం వచ్చేసరికి చిత్రిక దిమ్మె బీటలిస్తుంది. మోటారు వైండింగులోకి చెమ్మ దిగి, స్విచ్చి వేసిన రోజే కాలిపోతుంది. రెండేళ్ల తర్వాత రాజీ కుదిరి తాళం తీస్తే పంచుకోవడానికి పాత ఇనుము మిగులుతుంది. అందుకే తాళం వేయడం కంటే జాబితా రాయడం మేలు. అందరి ఎదుటా ఒక్కో వస్తువు బయటికి తీసి ఫోటో పట్టి, ఈ రోజు సెకండ్ హ్యాండులో ఎంత వస్తుందో, ఎవరి డబ్బుతో కొన్నదో, పని చేస్తుందో లేదో రాసి అందరూ సంతకాలు పెట్టాలి. ‘ఎవరి డబ్బుతో’ అన్న ముక్క తప్పకుండా రాయండి. కొడుకు తన కూలి డబ్బుతో కొన్న రౌటర్ (చెక్కకు గాళ్లు, అంచులు తీసే) మిషను తండ్రి షెడ్డులో ఉన్నంత మాత్రాన తండ్రి ఆస్తి కాదు. బిల్లు లేకపోతే మాత్రం తెల్లారేసరికి అది అందరిదీ అయిపోతుంది. చరాస్తుల పంపకానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇల్లు, స్థలం పంచుతూ కాగితం రాస్తే మాత్రం రిజిస్టరు చేయించాల్సిందే. తెల్లకాగితం మీద రాసుకున్న పారీఖత్తు రేపు కోర్టులో నిలబడదు.

ఇక వాటాలు. తండ్రి హిందువు, వీలునామా రాయలేదు, ఆస్తి ఆయన స్వార్జితం అనుకుందాం. మన ఊళ్లలో చేతిపనివాళ్ల షెడ్లు, మిషన్లు ఎక్కువగా అలాంటివే. 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, చనిపోయినాయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమానంగా ఒక్కో వాటా. ముసలావిడను మనవాళ్లు తరచూ మరిచిపోతారు. ఆమె వాటా ఆమెదే. ముందే చనిపోయిన కొడుకు గానీ కూతురు గానీ ఉంటే వాళ్ల వారసులందరికీ కలిపి ఆ ఒక్క వాటా వస్తుంది. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే సమాన హక్కు ఉంది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయినవాళ్లకూ వచ్చింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అన్న అనుమానాన్ని 2020లో సుప్రీంకోర్టు తీర్చేసింది, ఉండనక్కర్లేదని. ‘పెళ్లికి ఇచ్చాం కదా’ అన్న మాటకు చట్టంలో చోటు లేదు.

అసలు చిక్కు ఇంటిపట్టున ఉండి తండ్రితో పని చేసిన బిడ్డది. పదిహేనేళ్లు తండ్రి పక్కన చెక్క పట్టాడు. కూలి లెక్క లేదు, తిండి, బట్ట, పండగకు ఖర్చులు, అంతే. అన్న బెంగళూరులో ఉద్యోగం చేసుకున్నాడు. తండ్రి పోయాక ఇద్దరికీ సమాన వాటా. షెడ్డుకు పెరిగిన విలువలో సగం వీడి చెమటే అయినా చట్టం తనంతట తానుగా ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వదు. అది ఇవ్వగలిగింది తండ్రి ఒక్కడే, అదీ బతికుండగా. నెలనెలా కొడుకు బ్యాంకు ఖాతాలో కూలి వేయడం ఒక దారి, వీలునామా ఇంకో దారి. ‘వాళ్లే చూసుకుంటార్లే’ అని ఊరుకున్న తండ్రి, తనతో పని చేసిన బిడ్డకే ఎక్కువ నష్టం చేసి పోతాడు.

వీలునామా లేకపోయినా చట్టంలో ఒక ఊతం ఉంది. ఊళ్లో దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. అది పైన చెప్పిన హిందూ వారసత్వ చట్టంలోని 22వ సెక్షన్. చనిపోయినాయన స్థిరాస్తిలో గానీ, ఆయన నడిపిన వ్యాపారంలో గానీ దగ్గరి వారసుల్లో ఒకరు తన వాటా అమ్మదలుచుకుంటే కొనే హక్కు ముందు తోటి వారసులది. ధర కుదరకపోతే కోర్టు తేలుస్తుంది. అంటే బెంగళూరు అన్న షెడ్డులో తన వాటాను పక్కింటి సిమెంటు వ్యాపారికి అమ్మబోతే, అందులో పని చేసుకుంటున్న తమ్ముడు ‘ముందు నాకు’ అని అడగొచ్చు. అమ్మకం అయిపోయాక తిరిగేకంటే ముందే లాయరు నోటీసు ఇచ్చి ఉంచడం మంచిది.

నా వాదన మీద గట్టి అభ్యంతరం ఒకటుంది, న్యాయమైనదే. ‘పని విడగొట్టకూడదన్న పేరుతో అంతా కొడుకు చేతిలో పెట్టి ఆడపిల్ల నోట్లో మట్టి కొడతారు’ అని. నిజమే, అలాగే జరుగుతోంది కూడా. దానికి మందు పంచడం కాదు, లెక్క కట్టడం. ఉదాహరణకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. మిషన్లు, పనిముట్లు కలిపి 1,80,000. ఊళ్లో రావాల్సిన బాకీలు 60,000. చేయాల్సిన పనులకు తీసుకున్న అడ్వాన్సులు 40,000. మిషను మీద బ్యాంకు అప్పు 70,000. నికరంగా మిగిలింది 1,30,000. నాలుగు వాటాలు, తలా 32,500. పని చేసే కొడుకు అంతా ఉంచుకుని, అప్పు, అడ్వాన్సు పనులు తన నెత్తిన వేసుకుని, మిగతా ముగ్గురికీ కలిపి 97,500 ఇవ్వాలి. ఒకేసారి ఇవ్వలేడు. ఇవ్వమని పట్టుబడితే మిషనే అమ్ముకుంటాడు. ఏడాదిన్నరో రెండేళ్లో వాయిదాలు రాసి, తేదీలు వేసి, ప్రతి వాయిదా బ్యాంకు ద్వారా చెల్లించాలి. రావాల్సిన బాకీల్లో మొండివి ఉంటే వాటిని ఈ లెక్కలో కలపకుండా, వచ్చినప్పుడు పంచుకుంటామని విడిగా రాసుకోవాలి. లేకపోతే రాని డబ్బుకు కూడా కొడుకే జవాబుదారీ అవుతాడు. కూతురే పని చేసేదైతే ఈ లెక్క ఆమె పేరున తిరుగుతుంది. ఉదయగిరి చెక్క గరిటెల పనిలో ఆడవాళ్లే ముందుంటారు కదా, అక్కడ పనిముట్లు కొడుక్కని ముందే అనుకోవడం మరీ అన్యాయం.

బాకీల లెక్క ఎక్కడుంటుందో చెప్పనక్కర్లేదు. కొంత జేబు పుస్తకంలో, ఎక్కువ భాగం షెడ్డు గోడ మీద. పెన్సిలుతో పేరు, పక్కన కొలత, కింద అందిన డబ్బు, చుట్టూ ఒక గీత. ఒక్కోసారి పని బల్ల అడుగున, ఒక్కోసారి కొలత బద్ద వెనకాల. కర్మలకు ముందు ఇల్లంతా కడిగి సున్నం కొడతారు, ఆ ఒక్క పూటలో వేల రూపాయల లెక్క మాయమవుతుంది. సున్నం డబ్బా తెరిచేముందు ప్రతి గోడనూ, ప్రతి చెక్కనూ వెలుతురులో ఫోటో తీయించండి. పని చేసి ఇచ్చిన డబ్బుకు దావా వేసే గడువు మూడేళ్లు, పని పూర్తయిన రోజు నుంచి. గడువు లోపల బాకీ ఉన్నట్టు అవతలివాడు రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. కాబట్టి వెళ్లి గొడవ పడకుండా, ‘అన్నా, నాన్న లెక్కలో ఇంత ఉంది, ఒక్క సంతకం పెట్టు, పంట వచ్చాక ఇద్దువు’ అంటే చాలామంది పెడతారు.

షెడ్డులో ఉన్న చెక్క అంతా చనిపోయినాయనది కాదు, ఇదీ గుర్తుంచుకోవాలి. ఇల్లు కట్టుకునేవాళ్లు తమ వేప, టేకు దుంగలు తెచ్చి వేసి వెళ్తారు. అవి వాళ్లవే. వారసులు వాటిని లెక్కలో వేసుకుని అమ్మేస్తే అది బాకీ తగువు కాదు, పోలీసు స్టేషను తగువు. దుంగ మీద సుద్దతో రాసిన పేరు చెరగకముందే ఎవరిది ఎవరికో తేల్చి, పని కొనసాగిస్తారో, చెక్క వాపసిస్తారో వాళ్లకే చెప్పాలి.

తండ్రి చేసిన అప్పులకు వారసులు బాధ్యులే, అయితే తమకు వచ్చిన ఆస్తి విలువ మేరకే. తండ్రి అప్పు కొడుకు తీర్చి తీరాలన్న పాత ధర్మాన్ని హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన 2005 సవరణ తీసేసింది. అయినా ప్రోనోటు పట్టుకుని వచ్చిన షావుకారు ‘నీ పేరు మీద తిరగరాయి’ అంటాడు. రాయొద్దు. రాస్తే అప్పటిదాకా తండ్రి ఆస్తి మీదున్న అప్పు నీ సొంత అప్పవుతుంది. ముందు అసలు నోటు చూపించమనండి, తేదీ చూడండి, వెనకాల చెల్లులు చూడండి. ప్రోనోటు మీద దావాకూ గడువు మూడేళ్లే.

స్థలం సంగతి త్వరగా చెప్పుకుందాం. షెడ్డు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల స్థలంలో ఉంటే సాధారణంగా పట్టా ఉండదు, ఎక్కువగా ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరే ఆధారాలు. ఆ రెండూ చనిపోయినాయన పేరు నుంచి మార్చుకోకుండా ఏళ్లు గడిపితే తర్వాత రుజువులకు తిరగాలి. భూమి పాత రికార్డుల్లో వడ్రంగి ఇనామో, కమ్మరి ఇనామో (ఊరికి చేసే పనికి బదులుగా ఇచ్చిన భూమి) అయితే అది చాలాకాలం 22-ఎ నిషేధిత జాబితాలో ఉండి రిజిస్ట్రేషన్ జరిగేది కాదు. 2023లో గ్రామ సేవా ఇనాములను ఆ జాబితా నుంచి తీస్తూ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. మీ సర్వే నంబరు నిజంగా బయటికొచ్చిందో లేదో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకున్నాకే పంపకం మాట్లాడండి. ఇంకో చిక్కు, ఇలాంటి భూమి ఇంకా ముత్తాత పేరు మీదే ఉంటుంది. అప్పుడు వాటాదార్లు మీ ఇంట్లో నలుగురే కారు, ఆ ముత్తాత సంతతి అంతా.

ఇవన్నీ తప్పించేది ఒక వీలునామా. హిందువులకు స్వార్జితం మొత్తం, ఉమ్మడి ఆస్తిలో తన వాటా, ఎవరికైనా రాసే స్వేచ్ఛ ఉంది. స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేయాలి, ఇద్దరు సాక్షులు దాన్ని చూసి ఆయన ఎదుటే సంతకాలు చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. మన జిల్లాల్లో ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) కూడా అక్కర్లేదు. వీలునామాలు ఓడిపోయేది ఎక్కువగా సాక్షుల దగ్గర. తగువు కోర్టుకెక్కితే, సాక్షుల్లో కనీసం ఒకరు బతికుంటే, వచ్చి చెప్పాలి. తన ఈడు స్నేహితులను పెట్టుకుంటే వాళ్లూ తనతో పాటే పోతారు. కాబట్టి ఊళ్లోనే ఉండే, తనకంటే పదిహేను ఇరవై ఏళ్లు చిన్నవాళ్లను పెట్టుకోవాలి. లాభం పొందే బిడ్డ దగ్గరుండి రాయించినా, ఆస్పత్రి మంచం మీద రాయించినా కోర్టుకు అనుమానం వస్తుంది. పనిముట్లను ‘నా సామాన్లన్నీ’ అని కాకుండా మిషను పేరు, కొన్న ఏడాది, షెడ్డు హద్దులు, కరెంటు సర్వీసు నంబరుతో సహా రాయాలి. ఆ బిడ్డ మిగతావాళ్లకు ఎంత, ఎన్నాళ్లలో ఇవ్వాలో కూడా అందులోనే రాయాలి.

ముస్లిం కుటుంబాల్లో, ముఖ్యంగా ఉదయగిరి వైపు, లెక్క వేరు. పైన చెప్పిన ఇంట్లోనే అయితే భార్యకు ఎనిమిదో వంతు, మిగిలిన దాంట్లో కొడుక్కి రెండు, కూతురికి ఒకటి చొప్పున. మొత్తాన్ని 40 భాగాలు చేస్తే భార్యకు 5, కొడుకులకు 14 చొప్పున, కూతురికి 7. వీలునామా మూడో వంతుకే చెల్లుతుంది, అదీ వారసుల్లో ఒకరికి రాస్తే మిగతా వారసులు ఆయన పోయాక ఒప్పుకుంటేనే. అంచేత పని చేసే కూతురికి పనిముట్లు దక్కాలంటే వీలునామా మీద ఆధారపడకుండా బతికుండగానే హిబా, అంటే దానం చేయాలి. ‘ఇచ్చాను’ అనాలి, ‘పుచ్చుకున్నాను’ అనాలి, వస్తువు చేతికి అప్పగించాలి. మూడోది జరగకపోతే మొదటి రెండూ వృథా. జరిగిన రోజే ఇద్దరు సాక్షులతో ఒక కాగితం రాసుకుంటే తర్వాత నోటిమాట మీద తగువు ఉండదు.

చావు కబురుతో ఇల్లు కుదేలైన రోజుల్లోనే కొన్ని పనులు ఆగవు. మరణ నమోదు 21 రోజుల్లో పంచాయతీలో ఉచితంగా అవుతుంది, దాటితే రుసుములు, అనుమతులు. ఆయన 55 ఏళ్లలోపు వాడైతే పాసుబుక్కులో మే నెలాఖరునో జూన్‌లోనో 436 రూపాయలు కోసి ఉన్నారేమో చూడండి. ఉంటే అది 2 లక్షల ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. 20 రూపాయల కోత ప్రమాద బీమాది. ఖాతాకు నామినీగా ఉన్నవాళ్లు డబ్బు తీసుకోగలరే గానీ యజమానులు కారు, వారసులందరి తరఫున పట్టుకున్నవాళ్లు మాత్రమే. ఫోన్‌లో ఉన్న ఫోన్‌పేతో ఆయన పోయాక డబ్బు లాగొద్దు, తర్వాత ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి. ఆ ఫోన్ నంబరును మాత్రం చావనీయకండి. షెడ్డుకు బోర్డు ఉండదు, ఊరూరా గోడల మీద, డైరీల్లో ఉన్న ఆ పది అంకెలే బోర్డు. మూడు నెలలు వాడకం లేకపోతే కంపెనీ నంబరు తీసేసి ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మరణ ధ్రువీకరణ పత్రంతో దాన్ని పని కొనసాగించే వారసుడి పేరుకు మార్పించుకోవాలి.

ఉదయగిరి చెక్కపనివాళ్లకు మరో రెండు మాటలు. దుర్గం కొండల చెక్క ఇంట్లో నిల్వ ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపే బిల్లులు, అటవీ శాఖ కాగితాలు పనిముట్లతో పాటే అప్పగించాలి. అవి లేకుండా వారసులు ఆ చెక్కను ఆటోలో తరలిస్తే దారిలో పట్టుకుంటారు. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. దాని కింద అధీకృత వాడకందారుగా నమోదైన పనివాడి హక్కు అమ్మడానికీ తాకట్టుకూ పనికిరాదు గానీ, భౌగోళిక గుర్తింపుల 1999 చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆయన పోతే వారసులకు సంక్రమిస్తుంది. ఆ నమోదు గడువు ఎక్కువలో ఎక్కువ పదేళ్లు. కాగితం ట్రంకు పెట్టెలో ఉంటే గడువు తేదీ చూసి, వారసుల పేర్ల మీద కొనసాగించమని అర్జీ పెట్టుకోవాలి. ఏ బిడ్డ చేతిలో ఆకురాయి, ఉప్పుకాగితం ఉన్నాయో ఆ బిడ్డ పేరు ఆ అర్జీలో ఉండేలా చూడాలి.